ఆ మాటలో కుక్క

నేను ఇంతవరకూ ఏదీ రాసినదాన్ని కాదు. చదివింది ఐదో తరగతి. ఈ కథ నోటితో నలుగురికీ చెప్పాను గానీ, రాయాలని కూర్చుంటే మాట మాటకూ ఆగిపోతున్నాను. చెప్పినట్టే రాస్తాను, సర్దుకొని చదవండి.

పెంచలమ్మ ఆ పొద్దున షరీఫ్ తాతకు చెప్పేసి వెళ్లిపోదామనే వచ్చింది. ఇక ఆ దర్గా గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకుంది.

నెల్లూరు సీమలో, ఒక కొండ కింద ఉన్న చిన్న దర్గా అది. షరీఫ్ తాత అక్కడి గురువు. ఆయన దగ్గరికి అన్ని కులాలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ వస్తారు. పెంచలమ్మకు ఆయన ఇచ్చిన పాఠం ఒక్కటే. ఊపిరి తీసినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకోవడం.

అదే ఆమెకు కుదరలేదు. నాలుగు ఊపిరులు తీసేలోపు మనసు పొయ్యి మీది పప్పు దగ్గరికో, కోడలన్న మాట దగ్గరికో పారిపోయేది.

"జారిపోతోంది తాతా" అనేది.

"జారితే మళ్లీ పట్టుకో" అనేవాడు ఆయన.

ఏళ్లుగా ఇదే వరస. మనసు జారడమూ మానలేదు, ఆమె రావడమూ మానలేదు. ఇంట్లో పలకరించే దిక్కులేని ఆమెకు, "వచ్చావామ్మా" అనే ఆ ఒక్క గొంతే పెద్ద దిక్కు.

మరి వెళ్లిపోవడం ఎందుకంటే, అది మాలకొండయ్య సారు నోటి చలవ. ఆయన తాత శిష్యుల్లో ఒకరు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనాడు. మనిషి వెన్న, కానీ ఇంగ్లీషు ముక్క నంజుకోకపోతే ఆయనకు ముద్ద దిగదు.

గురువారం దర్గాలో అన్నం పెడుతుంటే, దారినపోయే మనిషొకడు వచ్చి కూర్చున్నాడు. పక్కవాడి విస్తట్లో చెయ్యి పెట్టబోయాడు. కాదన్నందుకు అందరి మీదా విరుచుకుపడ్డాడు.

"డాగిష్ ఫెలో" అన్నాడు సారు. వడ్డిస్తున్న పెంచలమ్మ అర్థంగాక చూస్తే, "కుక్కబుద్ధమ్మా. విస్తరి దగ్గర గుర్రుమనే రకం" అని చెప్పాడు.

మరుసటి రోజు ఆమె గోడ అవతల ఊడుస్తూ ఉంది. ఇవతల సారు గొంతు వినబడింది.

"మన పెంచలమ్మ ఉంది చూడు తాతా, డాగ్డ్. అంత డాగ్డ్ మనిషిని నేను చూళ్లేదు."

"అవునవును" అన్నాడు తాత.

చీపురు ఆమె చేతిలోనే ఆగిపోయింది. సారు అన్నదానికి కాదు, తాత అవునన్నదానికి. ఎవరి విస్తరి దగ్గర గుర్రుమన్నాను, ఎవరి ముద్ద లాక్కున్నాను అని ఇంటికిపోయి ఎంత వెతుక్కున్నా ఆమెకు ఏదీ గుర్తుకురాలేదు. గుర్తుకు రాకపోవడంతో ఇంకా భయం వేసింది.

అందుకే వచ్చింది, చెప్పేసి పోదామని. తాత బావి దగ్గర నిలబడి ఉన్నాడు.

"నేనింక రాను తాతా."

"ఏమ్మా?"

"నేను కుక్కనంట గదా. మీరూ అవునన్నారు."

తాత ఆమె ముఖంలోకి చూశాడు. బావిలో పడ్డ చేదలు తీసే గాలం ఒకటి, కొక్కేలది, గట్టు మీద ఉంది. దాన్ని తాడుతో సహా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"చేద లోపల పడింది. సారు వేసి చూశాడు, ఇంకెవరెవరో చూశారు, రాలేదు. వెళ్లేముందు నువ్వొక్కసారి వెయ్యి. రాకపోతే వెళ్లిపో."

ఆమె గాలం వదిలింది. అడుగున ఏదో తగిలింది, సగం దాకా వచ్చి జారింది. మళ్లీ వదిలింది. చేద అంచు దొరికినట్టే దొరికి, దభీమని పడింది. "నువ్వు కూడానా" అని చేదను తిట్టింది. కొంగు నడుముకు బిగించింది. తాడు ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఎండ బావి గట్టు మీదికి వచ్చింది.

మాలకొండయ్య సారు వచ్చి తొంగిచూశాడు. "వదిలెయ్యమ్మా, అది రాదు. కొత్తది తెస్తాలే."

"మీరు కాస్త పక్కకు జరగండి సార్. వెలుతురుకు అడ్డం."

సారుతో ఆమె ఒక మాట పూర్తిగా మాట్లాడటం అదే మొదలు.

చివరికి చేద పైకొచ్చింది, సొట్టపడి, ఒళ్లంతా నాచుతో. దాన్ని గట్టు మీద బోర్లించి, చేతులు కడుక్కుంటుంటే ఆమెకు గుర్తొచ్చింది, తాను వెళ్లిపోవాలని.

"మొదటిసారే రాలేదు గదమ్మా" అన్నాడు తాత. "అప్పుడే వెళ్లకపోయావా?"

"చేద లోపలుంటే ఎట్టా పోతాను తాతా?"

తాత సారు వైపు తిరిగాడు. "నిన్న ఈమెను ఏదో అన్నావే. అది తెలుగులో చెప్పు. నువ్వు పొగిడే గొంతుతో అన్నావని అవునవునన్నాను గానీ, నాకేం తెలుసు."

"డాగ్డ్ అన్నాను తాతా. పట్టిన పట్టు వదలని మనిషి అని."

పెంచలమ్మ బావి గట్టు మీద కూలబడింది. నిన్నటినుంచి గుండెల మీద ఉన్న బండ ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టైంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మరి మొన్నన్న ఆ మాటలోనూ కుక్కే గదా సార్, ఈ మాటలోనూ కుక్కే గదా?"

"అదేంటంటేనమ్మా, గ్రామర్ ప్రకారం..." అని సారు మొదలుపెట్టాడు. తాత చెయ్యెత్తాడు. సారు ఆగాడు.

"విస్తరి పట్టుకున్నదీ కుక్కే, గడప పట్టుకున్నదీ కుక్కే" అన్నాడు తాత. "మా గురువు పోయేదాకా, తన గురువు గడపకు కుక్కనని చెప్పుకున్నాడు. ఆ పేరు నాకింకా రాలేదు. నీకు ముందే వచ్చింది."

మరునాడు తెల్లవారుతుండగానే పెంచలమ్మ దర్గాకు వచ్చింది. ఎప్పుడూ వెనక గోడ వారన, ఎవరి కంటా పడకుండా కూర్చునే మనిషి ఆ రోజు నేరుగా గడప దగ్గరికి నడిచింది. అక్కడ వీధికుక్క ఒకటి ముడుచుకొని పడుకుంది.

"కాస్త జరుగు తల్లీ" అని, దాని పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది.