దగ్గరికి రాకు నాయనా

అనగనగా అడవిని ఆనుకుని ఒక గూడెం. ఆ గూడెంలో ఈరమ్మ సాకే పుల్లావు ఒకటి ఉండేది. పుల్లావుకు తన తొలిచూలు దూడంటే పంచప్రాణాలు. అడవిలోని దుప్పితో చెలిమి. ఆవూ దుప్పీ రోజూ ఒకే వాగులో నీళ్ళు తాగుతూ కష్టసుఖాలు చెప్పుకునేవి.

ఒకసారి సంత నుంచి కొత్త ఎద్దు వచ్చింది. దాని నోటి నిండా చొంగ. పాపం, అలసిందనుకుని పుల్లావు తన కుడితి తొట్టిలోనే దాన్ని తాగనిచ్చింది. ఆ తర్వాత పుల్లావుకూ ఒళ్ళు కాలింది. నాలుక మీద బొబ్బలు, గిట్టల నడుమ పుళ్ళు.

"ఇది గాలికుంటు తల్లీ" అంది ఈరమ్మ దిగులుగా. "చొంగతో, పాలతో, మనుషుల కాళ్ళతో కూడా పాకుతుంది. లేత దూడలైతే తట్టుకోలేవు."

పుల్లావు గుండె జల్లుమంది. దాహంతో అల్లాడుతున్నా వాగు వైపు అడుగు వెయ్యలేదు.

ముందు మేక వచ్చింది. "అక్కా, కుడితి మిగిలిందా?"

"ముట్టుకోకే! అందులో నా చొంగ పడింది."

మేక మూతి ముడుచుకుని పోయింది.

సాయంత్రం వాగు అవతల నుంచి దుప్పి పిలిచింది. "వదినా, ఇవాళ రాలేదేం? అలిగావా?"

"లేదమ్మా. నేను మూతి పెట్టిన నీళ్ళే నీ మందంతా తాగుతుంది. నయమయ్యాక వస్తాలే."

ఇంతలో దూడ పలుపు తెంపుకుని పరుగున వచ్చింది. "అమ్మా, ఆకలి!"

పుల్లావుకు పొదుగు చేపుకొచ్చింది. అయినా కొమ్ములు విసిరింది. "దగ్గరికి రాకు నాయనా!"

దూడ బిక్కమొహం వేసింది. "నేనేం తప్పు చేశానమ్మా?"

"నీ తప్పేం లేదురా. నా పాలలో రోగముంది. నా మాట విను."

అది చూసి ఈరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. దూడను తోడికోడలు సుంకమ్మకు అప్పగించింది. సుంకమ్మ మేకపాలు కాచి చల్లార్చి, వెదురు గొట్టంతో పట్టింది. ఈరమ్మ పుల్లావు పుళ్ళు ఉప్పునీళ్ళతో కడిగేది. కాళ్ళూ చేతులూ రుద్ది కడుక్కున్నాకే కొట్టం దాటేది. పశువుల డాక్టరు వచ్చి మిగతా పశువులకు టీకాలు వేశాడు. దుప్పి మాత్రం రోజూ అవతలి గట్టునే నిలబడి అడవి కబుర్లు చెప్పేది. అవి వింటూ పుల్లావు కునుకు తీసేది.

మెల్లగా పుళ్ళు మానాయి. డాక్టరు ఇక భయం లేదన్నాడు. సుంకమ్మ దూడను వదిలింది. అది ఒక్క ఉరుకున వచ్చి, కొంచెం ఎడంగా ఆగిపోయింది.

"ఇప్పుడు రావచ్చా అమ్మా?"

పుల్లావు తనే ముందుకు నడిచి, దాని నుదురు నాకుతూ ఉండిపోయింది.

నీతి: మన జబ్బు మనవాళ్ళకు అంటకుండా చూసుకోవడమూ ప్రేమే.