ఎవరి రాజు అందరికంటే చెడ్డవాడు?

ఏరుమద్ది అడవిలో నాలుగు జాతుల జంతువులు కలిసి బతికేవి. దుప్పులు అక్కడే పుట్టి పెరిగాయి. అడవిదున్నలు, కొండముచ్చులు, అడవిపందులు మాత్రం బయటి నుంచి వచ్చాయి. దున్నలు ఉత్తరపు లోయలో సింహం బారి నుంచి తప్పించుకుని వచ్చాయి. కొండముచ్చులు రాతికొండ మీద చిరుతపులి బాధ పడలేక వచ్చాయి. పందులు చిత్తడినేలలో మొసలికి భయపడి పారిపోయి వచ్చాయి.

ఏరుమద్ది అడవికి రాజు లేడు. ఏ చిక్కు వచ్చినా అన్నీ ఏటి ఒడ్డున చదునుబండ దగ్గర చేరి, మాట్లాడుకుని తేల్చుకునేవి.

సాయంత్రం మేత ముగిశాక కూడా అక్కడే చేరేవి. చేరగానే ఒకటే వాదన. ఎవరి రాజు అందరికంటే చెడ్డవాడు?

"మా సింహం ఉగ్రకేసరం ముందు ఎవరైనా దిగదుడుపే," అనేది దున్నల పెద్ద బలభద్రం. "వాడు ఆవులిస్తే లోయలో ఉన్నవాళ్ళమంతా ఆవులించాలి. ఒక దూడకు ఆవులింత రాలేదు. దానికి అదే ఆఖరి రోజు."

"అదేం గొప్ప బావా?" అనేది కొండముచ్చుల నాయకుడు సుందరాచలం. దానికి బారెడు తోక. ఆ తోకను భుజం మీద వేసుకుని మరీ మాట్లాడేది. "మా చిరుతదొర నవ్వునే నిషేధించాడు. తమ్ముడు నవ్వితే అన్న వెళ్ళి చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ పోతారు. నేను మూడేళ్ళు నవ్వలేదు, తెలుసా?"

పందుల పెద్ద మట్టమ్మ ఊరుకునేది కాదు. "నీకు నవ్వు లేదు. మాకు నీళ్ళే లేవు. మొసలి ముదురుకోరను పొగిడితేనే గుక్కెడు నీళ్ళు. నిన్నటి పొగడ్త ఇవాళ పనికిరాదు. రోజుకో కొత్తది కావాలి. కొత్తమాట తోచనివాళ్ళను మడుగులోకి లాగేసేవాడు. మా ఆయన అలాగే పోయాడు."

చెబుతున్నప్పుడు వాటి గొంతుల్లో బాధ ఉండేది. బాధకంటే గర్వం ఎక్కువగా ఉండేది. అంత చెడ్డ రాజు కింద బతికి బయటపడ్డాం కనుక మేము సామాన్యులం కామని ప్రతి గుంపూ అనుకునేది.

దుప్పుల్లో చుక్కమ్మ అనే ముసలి దుప్పి ఉండేది. అది రోజూ ఈ మాటలు వినేది. ఒకనాడు మెల్లగా అడిగింది. "బలభద్రం, ఉగ్రకేసరం మొదటి రోజు ఏం చేశాడు?"

"మొదటి రోజా?" అన్నది బలభద్రం విసుగ్గా. "మొదటి రోజు ఏముంటుంది? అసలు సంగతంతా ఆ తర్వాతే."

సుందరాచలం నవ్వింది. "చుక్కమ్మత్తా, నువ్వు ఏ రాజునూ చూడలేదు. ఒక్క దెబ్బా తినలేదు. ఈ విషయంలో నీకేం తెలుస్తుంది?"

చుక్కమ్మ తన దుప్పుల దగ్గరకు వెళ్ళిపోయింది.

ఆ ఎండాకాలం వాదన ముదిరింది. ఒక సాయంత్రం సుందరాచలం, "మీ సింహం మా చిరుత ముందు పిల్లి," అన్నది. బలభద్రం కొమ్ములు దించి మీదికి వచ్చింది. మట్టమ్మ అడ్డం వెళ్ళి భుజానికి గాయం చేసుకుంది. రక్తం చూశాక అన్నిటికీ భయం వేసింది.

"ఇలా కాదు. ఒక న్యాయమూర్తిని పెట్టుకుందాం. మూడు కథలూ విని ఆయనే తీర్పు చెబుతాడు," అన్నది మట్టమ్మ.

వెదురుపొదల అవతల దంతప్ప అనే ఏనుగు ఒంటరిగా ఉండేది. మంచి ఏనుగు. గుంటలో పడిన పంది పిల్లను ఒకసారి తొండంతో పైకి తీసింది. అన్నీ కలిసి దాని దగ్గరకు వెళ్ళాయి.

"నాకు రాజుల సంగతి తెలియదు. నన్ను వదిలేయండి," అన్నది దంతప్ప.

"అయ్యా, మీకంటే పెద్దవారు ఈ అడవిలో ఎవరున్నారు?" అన్నది సుందరాచలం.

"మీరు నోరు విప్పితే కొండ మాట్లాడినట్టుంటుంది," అన్నది మట్టమ్మ. మొసలి దగ్గర నేర్చుకున్న విద్య దాన్ని ఇంకా వదల్లేదు.

దంతప్ప చెవులు మెల్లగా ఊగాయి. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ అలా పొగడలేదు. "సరే, మీ ముచ్చట ఎందుకు కాదనాలి?" అన్నది.

మర్నాడు ఉదయం అన్నీ దాన్ని చదునుబండ ఎక్కించాయి. "దంతప్పగారికీ..." అని బలభద్రం గట్టిగా అరిచింది. "జై!" అన్నాయి మిగతావి.

దంతప్ప మొదటి ఆజ్ఞ వేసింది. "అందరూ ఒకేసారి అరవకండి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో నేను చెబుతాను."

"ఎంత పద్ధతి!" అని అన్నీ మెచ్చుకున్నాయి.

విచారణ మొదలైంది. రోజుకు కొన్ని కథలు. ప్రతి గుంపూ తమ రాజు చేసిన ఘోరాలను వెతికి వెతికి తెచ్చేది. మధ్యలో గోల చేసేవారిని అదుపులో పెట్టడానికంటూ దంతప్ప పక్క అడవి నుంచి రెండు దుమ్ములగొండ్లను పిలిపించి బంట్రోతులుగా పెట్టుకుంది. ఎముకలు కొరికే ఆ పళ్ళు చూసి అన్నీ నోళ్ళు మూసుకున్నాయి.

అప్పటికి ఏరు ఎండిపోయింది. బండ పక్కన ఒక్క మడుగు మిగిలింది. వారం గడిచాక దంతప్ప ఇలా అన్నది. "పొద్దుటి నుంచి వింటూనే ఉన్నాను. ఈ మడుగు నాకు వదిలేయండి. నేను తాగాక మిగిలితే మీరు తాగండి."

చుక్కమ్మ లేచి నిలబడింది. "అయ్యా, ఈ నీళ్ళు అందరివీ. మీరు తీర్పు చెప్పడానికి వచ్చారు. నీళ్ళు పంచడానికి కాదు."

బంట్రోతులు పళ్ళు బయటపెట్టాయి. దంతప్ప కళ్ళు ఎర్రబడ్డాయి. "న్యాయమూర్తిని అవమానించింది. ఈ దుప్పి మడుగు దగ్గరకూ రాకూడదు, బండ దగ్గరకూ రాకూడదు."

చుక్కమ్మ మిగతావాటి వంక చూసింది. ఎవరూ నోరు విప్పలేదు. బలభద్రానికి తమ సింహం గెలవాలని ఉంది. సుందరాచలానికి తమ చిరుత గెలవాలని ఉంది. న్యాయమూర్తికి కోపం తెప్పిస్తే తీర్పు ఎటు పోతుందో అని మట్టమ్మ భయం.

చుక్కమ్మ తలవంచుకోలేదు. తన దుప్పులను తీసుకుని ఎండిన ఏటి వెంట పైకి నడిచిపోయింది. అక్కడ ఇసుకను గిట్టలతో తవ్వింది. రెండు రోజులు తవ్వాక చెలమలో నీరు ఊరింది. గుక్కెడు గుక్కెడుగా తాగి దుప్పులు ప్రాణాలు నిలుపుకున్నాయి.

పంతొమ్మిదో రోజున మూడు గుంపుల కథలూ అయిపోయాయి. తీర్పు వినడానికి అన్నీ బండ చుట్టూ చేరాయి. దంతప్ప కడుపునిండా నీళ్ళు తాగి వచ్చి నిలబడింది.

"తీర్పు ఇప్పుడే చెప్పను," అన్నది. "నేను ఇంకా ఆలోచించాలి. అప్పటిదాకా నేను బండ మీదే ఉంటాను. మడుగు నాదే. రేపటి నుంచి ఒక్కో గుంపూ నాకు పచ్చి మేత తెచ్చి పెట్టాలి."

సుందరాచలం ఉండబట్టలేకపోయింది. ఎక్కడైనా తన మాట చెల్లుతుందని దానికి గట్టి నమ్మకం. తోక భుజాన వేసుకుని ఠీవిగా ముందుకు వచ్చింది. "అయ్యా, ఎన్నాళ్ళు ఆలోచిస్తారు? మిమ్మల్ని ఇక్కడ నిలబెట్టింది నేనే కదా!"

ఆ మాట అన్నదో లేదో, దంతప్ప తొండం చాచి దాని తోక పట్టుకుని గిరగిరా తిప్పి విసిరేసింది. సుందరాచలం రాళ్ళ మీద పడింది. ఒక చెయ్యి విరిగింది. తోక సగానికి తెగిపోయింది.

ఆ మధ్యాహ్నం దున్నలూ పందులూ దాహంతో ఏటి వెంట పైకి నడిచాయి. కొండముచ్చులు నాయకుణ్ణి మోసుకుంటూ వెనకే వచ్చాయి. ఇసుకలో చెలమ పక్కన చుక్కమ్మ కనిపించింది.

అది ఒక్క మాట కూడా దెప్పలేదు. "ముందు దెబ్బ తిన్నవాడికి పట్టండి," అన్నది. ఊరిన నీళ్ళను కొండముచ్చులు దోసిళ్ళతో పట్టి సుందరాచలం నోట్లో పోశాయి. తర్వాత పంది పిల్లలు తాగాయి. ఆ తర్వాత దూడలు. పెద్దలు చివరన నాలుకలు తడుపుకున్నాయి.

సుందరాచలం మూలుగుతూ అన్నది. "అత్తా, ఆ ఏనుగు చిరుత కంటే చెడ్డవాడు."

"కాదు, సింహం కంటే కూడా," అన్నది బలభద్రం.

చుక్కమ్మకు మొదటిసారి కోపం వచ్చింది. "మళ్ళీ అదే వాదనా? ఎవడు పెద్ద దుర్మార్గుడో తేల్చుకుంటే మీ దాహం తీరుతుందా? నేను అప్పుడు అడిగిందే ఇప్పుడూ అడుగుతున్నాను. ఉగ్రకేసరం మొదటి రోజు ఏం చేశాడు?"

ఎప్పుడూ పైకి లేచి ఉండే బలభద్రం తల కిందికి వాలింది.

"ఏమీ చేయలేదు," అన్నది. "మా దున్నల్లో మేత దగ్గర తగవు వచ్చింది. తీర్చమని మేమే వెళ్ళి వాణ్ణి పిలిచాం. మేమే గుట్ట ఎక్కించాం. మొదటి జై కొట్టింది నేనే. ఇన్నేళ్ళలో ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు."

మట్టమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా మొసలి మొదట్లో పొగడమని అడగలేదు. మా ఆయనే నవ్వులాటకు పొగిడాడు. వాడికి అది నచ్చింది."

సుందరాచలం తెగిన తోకను చూసుకుంది. "పక్కకొమ్మ వాళ్ళ మీద చిరుతదొరకు మొదటి చాడీ చెప్పింది మా ఇంటివాళ్ళే," అని గొణిగింది.

ఎవరూ ఎవరినీ ఎత్తిపొడవలేదు. బలభద్రం తల ఎత్తింది. "మనం బండ ఎక్కించినవాణ్ణి మనమే దింపాలి. సింహాన్ని దింపలేక పారిపోయి వచ్చాను. ఈసారి పారిపోను."

"ఎవరూ విడివిడిగా వెళ్ళకండి," అన్నది చుక్కమ్మ. "కలిసే వెళదాం. ముందు నేను నడుస్తాను. నన్నే కదా రావద్దన్నాడు."

మర్నాడు తెల్లవారాక నాలుగు గుంపులూ కలిసి మడుగు వైపు నడిచాయి. ముందు చుక్కమ్మ. దాని రెండు పక్కలా దున్నలు భుజం భుజం ఆనించి నడిచాయి. పందులు కోరలు ఎత్తి వెనక వచ్చాయి. కొండముచ్చులు చెట్ల మీద వరుసకట్టాయి. వాటిలో ఒంటిచేత్తో కొమ్మ పట్టుకున్న సుందరాచలం కూడా ఉంది.

అంత గుంపును చూడగానే బంట్రోతులు రెండూ పొదల్లో పడి పారిపోయాయి.

"ఎవరి అనుమతితో వచ్చారు?" అని దంతప్ప ఘీంకరించింది.

"అనుమతి మేము నీకిచ్చాం. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాం," అన్నది బలభద్రం.

దంతప్ప బండ దిగి దుమ్ము రేపుకుంటూ మీదికి వచ్చింది. నేల అదిరింది. దున్నలు కొమ్ములు దించాయి. ఒక్కటి కూడా అడుగు వెనక్కి వేయలేదు. చుక్కమ్మ కూడా పక్కకు తప్పుకోలేదు. ఒక్క దున్ననైతే దంతప్ప తోసేసేదే. కానీ ఎదురుగా కొమ్ముల గోడ ఉంది. నాలుగు అడుగుల దూరంలో అది ఆగిపోయింది.

ఎవరూ జై అనలేదు. ఎవరూ తిట్టలేదు కూడా.

"దంతప్పా," అన్నది చుక్కమ్మ. "నువ్వు పుట్టుకతో చెడ్డవాడివి కాదు. నిన్ను పొగిడి పాడుచేసిన తప్పు మాది కూడా. అందరితో పాటు నీళ్ళు తాగు. అందరితో పాటు ఉండు. బండ మాత్రం ఎక్కకు."

ఒక్క క్షణం దంతప్ప చెవులు వాలాయి. ఉండిపోతుందేమో అనిపించింది. కానీ ఇరవై రోజుల దొరతనం దాన్ని వంగనివ్వలేదు. "నాకు జై కొట్టే అడవులు చాలా ఉన్నాయి," అని తలెగరేసి ఎండిన ఏరు దాటి వెళ్ళిపోయింది. ఆ ఎండాకాలమంతా అడవి నుంచి అడవికి తిరిగిందట. ఎక్కడా ఎవరూ దాన్ని బండ ఎక్కించలేదు. ఒంటరిగానే చిక్కి సగమైంది.

మడుగులో నీళ్ళు తక్కువే ఉన్నాయి. అయినా చిన్నవాళ్ళు ముందు, పెద్దలు తర్వాత, వంతుల ప్రకారం తాగాయి. తొలకరి దాకా ఆ నీళ్ళు అలాగే సరిపోయాయి.

ఆ తర్వాత ఏరుమద్ది అడవి గుండా వెళ్ళే జంతువులు ఎప్పుడైనా, "మీ అడవి గొప్ప ఏమిటి?" అని అడిగితే బలభద్రం ఛాతీ విరిచి చెప్పేది.

"మా అడవిలో దొరతనం ఇరవై రోజులకు మించి నిలవలేదు. దొరను బండ ఎక్కించిన తెలివితక్కువవాళ్ళం మేమే. దింపినవాళ్ళమూ మేమే. రెండూ మా పిల్లలకు చెబుతాం."

నీతి: ఏ పాలకుడు ఎక్కువ దుర్మార్గుడో వాదించుకోవడంలో గొప్ప లేదు, దుర్మార్గం మొదలైన రోజున దాన్ని గుర్తుపట్టి, అందరూ కలిసి ఆపడంలోనే గొప్ప ఉంది.