వాకిలి అల్లని గిజిగాడు

"పుల్లిగా! ఒరే పుల్లిగా! పెండ్లాం పిలుస్తా ఉంటే చెవుల్లో పత్తి పెట్టుకున్నావా?"

బావిలోంచి కేకేసింది కప్ప గంగులు తాత. పైన కరెంటు తీగ మీద కూర్చున్న గిజిగాడు పుల్లన్న ఉలిక్కిపడ్డాడు. అప్పటిదాకా ఒళ్ళు తీగ మీద ఉంది గానీ మనసు తారురోడ్డు పట్టుకుని ఎటో పోయింది. ఆ రోడ్డున ఉత్తరానికి పోతే హైదరాబాదు, దక్షిణానికి పోతే బెంగళూరు. అటు పోయే ప్రతి లారీ, ఇటు పోయే ప్రతి లారీ తననే రమ్మని హారను కొడుతున్నట్టు ఉంటుంది పుల్లన్నకి.

బావి మీదికి వంగిన ఈతచెట్టుకి గిజిగాళ్ళ గూళ్ళు బుడ్లు బుడ్లుగా వేలాడుతున్నాయి. ఒక గూట్లోంచి నారమ్మ తల బయటపెట్టింది.

"ఏమయ్యా, వాకిలి ఎప్పుడు అల్లుతావు?"

"అల్లుతాలే. రేపు."

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగవాడు సగం గూడు అల్లి, దాని కింద రెక్కలు కొట్టుకుంటూ పాడతాడు. ఆడపిల్ల వస్తుంది, ఊగి చూస్తుంది, పోచలు లాగి చూస్తుంది. నచ్చితే లోపల కూర్చుంటుంది. అదే పెళ్ళి. ఆ తర్వాత మగవాడు మిగతా సగం అల్లాలి. గుడ్లు పెట్టే గది మూయాలి, కిందికి పొడుగ్గా గొట్టంలా వాకిలి దించాలి. ఆ గొట్టంలో గిజిగాడు దూరగలడు గానీ కాకి దూరలేదు. గూటికి ప్రాణం ఆ వాకిట్లోనే ఉంది.

పుల్లన్న సగం గూడు చూసి ఊరి పిట్టలన్నీ ముక్కున వేలేసుకున్నాయి. అంత నున్నటి అల్లిక. నారమ్మ ఊగి కూడా చూడలేదు, నేరుగా వచ్చి కూర్చుంది. గది మూశాక గుడ్లు కూడా పెట్టింది. వాకిలి మాత్రం లేదు.

కారణం రెండు కాకులు.

కాటయ్య అనే కాకి హైదరాబాదు నుంచి వచ్చానంటాడు. కాళమ్మ అనే కాకి బెంగళూరు నుంచి వచ్చానంటుంది. ఒకరంటే ఒకరికి పడదు. పొద్దెక్కితే చాలు, తీగ మీద ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు చేరి మొదలుపెడతారు.

"హైదరాబాద్ అంటే హైదరాబాదే భాయ్! వాడకొక్క పెండ్లి, పెండ్లికొక్క దేగిశ నిండా బిర్యానీ! మెతుకులు ఏరి ఏరి ముక్కు గుంజుతది," అని కాటయ్య ఇంత బిర్యానీ ముద్ద తెచ్చి తీగ కింద పడేస్తాడు. "నమ్మకుంటే తిని చూడుండ్రి!"

"మెతుకు కోసరం ఎండలో మాడి చావాల్నా గురూ?" అని కాళమ్మ ముక్కు తిప్పుతుంది. "మా బెంగళూర్లో మిట్టమధ్యాన్నం కూడా రెక్కల కింద చల్లగా ఉంటాది. ఇదో, వెన్నదోసె. తినండి స్వామీ, సిగ్గుపడొద్దండి."

"దోసె తిని కడుపు నింపుకునేటోడు మగాడేనా?"

"బిర్యానీ తిని బావి నీళ్ళన్నీ తాగేటోడు మగాడా?"

"నీ కూతకో దండం పెడ్త, పో పోవమ్మా!"

"నీ మొహానికి రెండు దండాలు. నువ్వే పో!"

చూస్తుండగానే ఈతచెట్టు రెండుగా చీలిపోయింది. ఉత్తరపు కొమ్మలవాళ్ళు హైదరాబాదు పార్టీ, దక్షిణపు కొమ్మలవాళ్ళు బెంగళూరు పార్టీ. మామా అల్లుళ్ళకి మాటల్లేవు. నిన్నటిదాకా ఒకే జొన్నకంకి పొడుచుకు తిన్న తోడల్లుళ్ళు మొహాలు తిప్పుకున్నారు. అందులో ఒక్కడు కూడా ఆ జొన్నచేను దాటి ఎరగడు.

"ఉండండప్పా," అంది ఒకరోజు గంగులు తాత బావిలోంచి. "అసలు ఎందుకు పోవాల?"

చెట్టంతా పకపకా నవ్వింది. "నూతిలో కప్పవి, నగరాల సంగతి నీకేం ఎరుక తాతా! నీళ్ళు తాగి పడుకో!"

తాత బుడుంగుమని మునిగిపోయింది.

పుల్లన్న ఏ పార్టీలోనూ చేరలేదు. అతనిది వేరే బాధ. రెండూ కావాలి. కళ్ళు మూసుకుంటే హైదరాబాదులో ఒక పాతకోట బురుజుకి తన గూడు వేలాడుతూ ఉంటుంది, కింద దీపాలన్నీ నేలరాలిన చుక్కల్లా ఉంటాయి, పాట విని జనం ఆగిపోతారు. ఇంకోసారి కళ్ళు మూసుకుంటే బెంగళూరులో సన్నటి తుంపర, ఎర్రపూల చెట్టు, నారమ్మ మెడ దగ్గర ఈకల మీద నీటిబొట్లు. ఏది వదులుకోవాలి? పొద్దున ఉత్తరానికి తిరిగి కూర్చునేవాడు, సాయంత్రం దక్షిణానికి. మధ్యలో పోచ తెద్దామని రెక్క విప్పేవాడు. విప్పి మళ్ళీ ముడుచుకునేవాడు. రేపో మాపో వదిలిపోయే గూటికి వాకిలెందుకు? అక్కడికి పోయాక పట్టుపోగుల్లాంటి పోచలు దొరుకుతాయి. అప్పుడు అల్లుదాం, లోకం చూసి మురిసిపోయే వాకిలి.

కానీ నారమ్మ ఊరుకుంటుందా? ఒక ఉదయం మెడ చాచి కిందికి చూసింది.

"రాత్రి అల్లుతానంటివి కదా? ఏదీ?"

పుల్లన్న నోట్లోంచి తెలీకుండానే వచ్చేసింది. "అల్లినా. గాలికి తెగింది."

"అయ్యో!" అంది నారమ్మ. ఆ అయ్యోలో అనుమానం ఆవగింజంత లేదు. "పాడు గాలి! నీ రెక్కల కష్టమంతా పాయె కదయ్యా. పోనీలే, ఈ పూట పడుకో. అలిసిపోయి ఉంటావు."

పుల్లన్న ఇవాళ తప్పకుండా అల్లాలి అనుకున్నాడు. ఇంతలో కాటయ్య వచ్చి చార్మినారు మీది పావురాల కథ ఎత్తుకున్నాడు. మర్నాడు కూడా గాలే తెంపింది. ఆ మర్నాడు కూడా.

మిగతా గూళ్ళ పెండ్లాలు అంత మెతక కాదు. "నీ నగరం నెత్తిన కొరివి పెట్ట! ముందు వాకిలి దించి ఆ తర్వాత యాడికన్నా పో!" అని మొగుళ్ళని పొడిచి పొడిచి అల్లించుకున్నారు. నారమ్మ ఒక్కతే నమ్మింది.

ఆ రోజు కాళమ్మ పెద్ద పంచాయితీ పెట్టింది. "రోజూ ఈ గోల ఎందుకు గురూ? అందరూ రోడ్డవతల తుమ్మచెట్టు కాడికి రండి. ఎవరి ఊరికి ఎక్కువ మంది అరుస్తారో ఆ ఊరే గొప్ప. ఆడోళ్ళు కూడా రావాల. కింద లారీలోంచి జొన్నలు ఒలికినాయి, తింటూ అరవచ్చు."

చెట్టు చెట్టంతా లేచింది. నారమ్మ కదల్లేదు.

"ఒక్క గడియ వచ్చిపోవే," అన్నాడు పుల్లన్న. "ఈరోజు ఏదో ఒకటి తేల్చుకుంటా. నువ్వు పక్కనుంటే తేలుతుంది."

"వాకిలి లేదు కదయ్యా..."

"ఒక్క గడియే కదా!"

మొగుడు అంత ఆశగా అడిగితే కాదనలేక వెళ్ళింది. తుమ్మచెట్టు మీద గొంతులు చిరిగేలా అరుపులు. హైదరాబాద్! బెంగళూర్! హైదరాబాద్! ఆ రొదలో పుల్లన్న గుండె ఉప్పొంగింది. చివరికి తేలిపోయింది. బెంగళూరే! ఆ తుంపర, ఆ ఎర్రపూలు! నోరు తెరిచి అరవబోయాడు. అప్పుడు చూశాడు. పంచాయితీ నడుపుతున్నది కాళమ్మ ఒక్కతే. పందెంలో సగం కాటయ్యది. మరి కాటయ్య ఏడీ?

అంతలో బావిలోంచి బెకబెకమని కప్ప కేక.

పుల్లన్న బాణంలా వచ్చాడు. కాటయ్య అప్పుడే ఈతచెట్టు మీంచి లేస్తున్నాడు, ముక్కుకి సొన అంటుకుని ఉంది. వాకిలి ఉన్న గూళ్ళు చెక్కు చెదరలేదు. వాకిలి లేని గూడు ఒక్కటే అటూ ఇటూ ఊగుతోంది.

వెంటపడ్డాడు. కాటయ్య హైదరాబాదు వైపు పోలేదు. రోడ్డు పక్క దాబా వెనక సెల్‌టవర్ మీద వాలాడు. అక్కడ ఒక గూడు. గూట్లో ఎర్రనోళ్ళు తెరిచిన పిల్లలు. కాసేపటికి కాళమ్మ కూడా వచ్చి పిల్లల పక్కన సర్దుకుంది.

"తిన్యారా పిల్లోల్లు?" అందామె. గురూ లేదు, స్వామీ లేదు. అచ్చం ఈ ఊరి యాస.

"ఈపొద్దుకి సరిపాయె," అన్నాడు కాటయ్య. భాయ్ కూడా లేదు.

పుల్లన్న ఎదురుగా వాలాడు. "మీరిద్దరూ... మొగుడూ పెండ్లాలా?"

"కాకి పిల్ల కాకికి ముద్దు కదప్పా. మేపాలంటే ఇద్దరూ కష్టపడాల," అంది కాళమ్మ.

"మరి హైదరాబాదు? బెంగళూరు?"

కాటయ్య ముక్కు తుడుచుకున్నాడు. "ఈ దాబా దాటి యాడికీ పోలేదబ్బా. అటునుంచి వచ్చే లారీవాళ్ళు బిర్యానీ పారేస్తారు, ఇటునుంచి వచ్చేవాళ్ళు దోసె పారేస్తారు. కబుర్లు కూడా వాళ్ళయే."

"మరి ఆ తగువంతా?"

"ఒక్కరమే వచ్చి పట్నం పోండి అంటే, ఎందుకు పోవాల అని అడుగుతారు. ఇద్దరం కొట్లాడితే ఏ పట్నం అని అడుగుతారు. మీ ముసలి కప్ప ఒక్కటే మొదటిది అడిగింది. దాన్ని చూసి మేం నవ్వలేదు, గుర్తు తెచ్చుకో. మీరే నవ్వినారు."

"నా గుడ్లు తిన్నారు!"

"తిన్నాం. మేం కాకులం, మా పని అదే," అంది కాళమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "వాకిలి అల్లడం ఎవరి పని పుల్లన్నా?"

తిరిగొచ్చేసరికి ఈతచెట్టు మీద రెండు పార్టీలూ ఒకటైపోయాయి, నారమ్మ చుట్టూ చేరి ఓదారుస్తున్నాయి. ఖాళీ గూటి అంచు పట్టుకుని ఆమె తిట్టుకుంటోంది. "పాడు గాలి. వాకిలి నిలవనిచ్చిందా? ఎన్ని రాత్రులు అల్లినాడు నా మొగుడు! ఒక్కసారి నిలబెట్టి ఉంటే..."

"ఏది మేలు అని తగువు పెట్టేవాడు, ఎందుకు అని అడగనివ్వడు," అని గొణిగింది గంగులు తాత బావిలోంచి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నారమ్మ పుల్లన్నని చూసి రెక్క చాచింది. "రాయ్యా. నువ్వేం చేస్తావు పాపం. మళ్ళీ అల్లుదువుగానీ, గాలి తగలని కొమ్మ చూసుకుందాం."

పుల్లన్న ఆ రెక్క కిందికి పోలేకపోయాడు. ఈత మట్టల్లో ఒక్క ఆకు కదలడం లేదు. ఈ వానకారు మొదలైన దగ్గర్నుంచి ఈ బావి మీద పోచ తెంపే గాలన్నదే లేదు. ఆ మాట చెప్పకుండా ఊరుకోవచ్చు. నమ్మేది ఆమె ఒక్కతే, ఆమె నమ్మేసింది.

"నారమ్మా," అన్నాడు, అందరూ వినేలా. "గాలి ఏ రాత్రీ రాలేదు. నేను ఒక్క పోచ కూడా అల్లలేదు."