పెంచలయ్య మాస్టారి జేబులు

పెంచలయ్య మాస్టారికి ఒక అలవాటు. మంచు వాలు మీద పిల్లలు జారుతున్నంతసేపూ ఆయన చేతులు కోటు జేబుల్లోనే ఉంటాయి. నడవలేని పిల్లలకు, చూపులేని పిల్లలకు స్కీయింగ్ నేర్పే ఆ హిమాచల్ శిబిరంలో వంట నాది. ఇదేం పెద్దరికమయ్యా అని నాకే ఒళ్లు మండేది. ఆఖరి రోజు పొద్దున ఆయన శిష్యుడు కరుణాకర్ నిలదీసేశాడు.

"పిల్లలు పడుతుంటే జేబుల్లో చేతులు పెట్టుకుని చూస్తారే! మీకు భయమే వేయదా మాస్టారూ?"

మాస్టారు, "రత్నమాల ఎన్నిసార్లు పడింది?" అని అడిగారు.

"నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా పడనివ్వలేదు!" అన్నాడు కరుణాకర్ గర్వంగా.

అదే కదా వచ్చిన చిక్కు! రత్నమాలది రాయచోటి. పదహారేళ్ల పిల్ల, పుట్టుకతోనే కాళ్లు కదలవు. స్కీ మీద బిగించిన కుర్చీలో కూర్చుని, రెండు చేతికర్రలతో జారుతుంది. వెనక తాడు పట్టేది కరుణాకర్. ఒకసారి పడి, ఎవరి సాయమూ లేకుండా లేచినవాళ్లకే అక్కడ తాడు విప్పుతారు. తాడు విప్పినవాళ్లకే పందెం. పందెం ఆ మధ్యాహ్నమే. అందరికీ విప్పేశారు, ఈ పిల్లకు తప్ప.

మాస్టారు ఆ తాడు తన నడుముకు వదులుగా చుట్టుకుని, చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. "పడతావమ్మా. లేస్తావా?"

"లేస్తా సారూ!"

రెండో మలుపులో దబ్బున పడింది. కుర్చీ పక్కకు ఒరిగిపోయింది, నోటినిండా మంచు. కరుణాకర్ పరుగెత్తబోయాడు.

"ఎవురూ రాగాకండి!" అని ఒక్క గావుకేక పెట్టింది. కర్ర మంచులో గుచ్చి తోసింది. జారింది. మళ్లీ తోసింది, మళ్లీ ఒరిగింది. నా చేతిలో గరిటె ఎప్పుడు జారిపోయిందో నాకే తెలీదు. మూడోసారి ఒక్క ఊపుతో కుర్చీ నిటారుగా లేచి నిలబడింది!

"సారూ! నేను పడినా! నేనే లేసినా! తాడిప్పండి!"

అబ్బ, ఆ ముఖం చూడాలి! పందెంలో తొమ్మిదిమందిలో ఎనిమిదోదిగా వచ్చి, కొండ దద్దరిల్లేలా కేకలేసింది.

సాయంత్రం టీ దగ్గర కరుణాకర్ మెల్లగా అన్నాడు: "నేనడిగినదానికి జవాబు చెప్పనేలేదు మాస్టారూ."

మాస్టారు జేబులు రెండూ బయటికి లాగి చూపించారు. లోపలి గుడ్డంతా కుట్లే, గోళ్లు దిగిన చిరుగు మీద చిరుగు.

"పాతవన్నీ కుట్టించాను," అన్నారు, కుడిజేబులో వేలు దూర్చి. "ఇది మాత్రం ఈ పొద్దుటిది."