పొమ్మన్నమ్మ దిబ్బ

పూర్వం, సముద్రం ఇప్పటికంటే కాస్త దూరంగానూ మనుషులు ఇప్పటికంటే కాస్త మర్యాదగానూ ఉన్న రోజుల్లో, ఈ తీరానికి ఒక ఉప్పెన వచ్చింది; పొమ్మన్నమ్మ తల్లి దానిని పొమ్మంది; అది పోయింది. స్థలమాహాత్మ్యం ఇంతే, పొయ్యి మీది అన్నం దించేలోగా చెప్పేయవచ్చు. బొట్టు పెట్టుకుని, కొబ్బరిచెక్క పుచ్చుకుని త్వరగా పోవలసినవారు ఇక్కడితో పోవచ్చు. ఈ క్షేత్రంలో ఎవరినైనా పొమ్మనడం తప్పు కాదు. ఉండదలచినవారికి మాత్రం ఉప్పెన ఎలా పోయిందో చెప్పేముందు ఎలా వచ్చిందో చెప్పాలి, అది చెప్పాలంటే కులపెద్ద భద్రయ్యగారి మర్యాద గురించి చెప్పాలి. అది కొంచెం పొడుగు.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, దక్షిణానికి ముఖం పెట్టుకుని, అప్పట్లో పీతలపాలెం అనే జాలరిపల్లె ఉండేది. ఆ పల్లెవారు చేపలు పట్టడంలో మరీ అంత గొప్పవారు కారని పక్క రేవువారు అనేవారు; పక్క రేవువారు ఎందులోనూ గొప్పవారు కారు కనుక ఆ మాటను మనం పట్టించుకోనక్కరలేదు. మర్యాదలో మాత్రం పీతలపాలేనికి సాటి లేదు. వెళ్ళేవాడు ‘వెళ్తాను’ అనకూడదని, ‘వెళ్ళొస్తాను’ అనాలని, ఉండేవాళ్ళు ‘వెళ్ళి రా’ అనాలని అందరికీ తెలుసు. సముద్రం మీదికి పోయే మనిషికి ఆ మాట నడుముకు కట్టిన తాడు లాంటిది. రెండో కొస ఇంట్లో ఉంటుంది. అయితే పీతలపాలెంవారు మంచిదేదైనా దొరికితే అతిగా వాడతారు. వంటింట్లో దూరిన కుక్కను కూడా ‘వెళ్ళి రా అమ్మా’ అని సాగనంపేవారు, అది చెప్పినట్టే వచ్చేది, అందుచేత ఆ ఊళ్ళో కుక్కలు బాగా బలిసి ఉండేవి. భద్రయ్యగారి తండ్రి పోయినప్పుడు పాడె లేస్తుండగా ఒక బంధువు అలవాటు కొద్దీ ‘వెళ్ళి రా మావా’ అనేసరికి, మోసేవాళ్ళు పాడె కిందికి దించి, ఆ మాట వెనక్కి తీసుకుంటే గాని కదలం అన్నారు.

అటువంటి ఊరికి లోవమ్మ కోడలిగా వచ్చింది. ఉప్పుచేపలు ఎండబెట్టి గంపనెత్తుకుని మెరక ఊళ్ళకు పోయి అమ్ముకునేది. ఎండిన చేప బరువు తగ్గినట్టు, ఆమె నోట్లో మాటలు కూడా నీరంతా ఇంకిపోయి గట్టిగా, చిన్నగా బయటికి వచ్చేవి. కాకి వాలితే ‘పో’. కుక్క వస్తే ‘పో’. ఒంట్లో జ్వరం వస్తే దానిక్కూడా ‘పో’. ఆమెకు ఎవరి మీదా కోపం లేదు. ఒక్క అక్షరంతో అయ్యే పనికి రెండోది వాడడం దండగని ఆమె ఉద్దేశం.

ఆమె భర్త ధర్మాలు ఇందుకు పూర్తిగా విరుద్ధం. రేవుకు బయల్దేరేముందు గడపలో నిలబడి, వల ఎక్కడుందని, గంజికుండ ఎక్కడుందని, సాయంత్రం కూరేమిటని అడుగుతూ అందరి నావలూ కనుచూపు దాటిపోయేదాకా కబుర్లు చెప్పేవాడు. ఒకనాటి పొద్దున అతను అలాగే నిలబడి, లోవమ్మ పుట్టింటివారికి పీతల కూర వండడం రాదన్న విషయాన్ని విస్తారంగా వివరిస్తుండగా, చేప పొలుసు గీస్తున్న లోవమ్మ తల ఎత్తకుండానే ‘పో’ అంది. అతను పోయాడు. సాయంత్రానికి అన్ని నావలూ వచ్చాయి, ధర్మాలు నావ రాలేదు. ఎన్నాళ్ళు చూసినా రాలేదు.

ఆ నావకు చిల్లు ఉందని ఊరందరికీ తెలిసినా ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. లోవమ్మ అన్న మాట మాత్రం అందరికీ గుర్తుంది, విననివాళ్ళకు ఇంకా బాగా గుర్తుంది. తాడు కట్టకుండా మనిషిని సముద్రానికి వదిలేసిందన్నారు. భద్రయ్యగారు పంచాయితీ పెట్టి, తమకు తెలిసిన భాషలో తీర్పు చెప్పారు.

“లోవమ్మా, నిన్ను ఎవరూ ఊళ్ళోంచి పొమ్మనడం లేదు. ఊరవతల ఆ ఇసుకదిబ్బ మీదికి వెళ్ళి రా. ఎప్పుడు రావాలో మేమే కబురు చేస్తాం.”

పొమ్మనలేక పొగబెట్టారని సామెత. పీతలపాలెంవారు పొగ కూడా పెట్టలేదు. ఇక మీదట ‘పో’ అన్న మాట నోట రానివ్వనని మాత్రం ఆమె చేత ఒట్టు వేయించుకున్నారు. లోవమ్మ ఒట్టు వేసింది. ఊరికి భయపడి కాదు. ఊరు అన్నదే నిజమని ఆమె కూడా నమ్మింది. దిబ్బ మీద గుడిసె వేసుకుని, అన్నంలో ఇసుక పడకుండా చుట్టూ మొగలి డొంకలు నాటుకుని, చేప పొట్టంతా వాటి మొదళ్ళలో పోస్తూ బతికింది. డొంకలు పట్టుకుని ఇసుక నిలిచింది, ఏటేటా దిబ్బ ఎత్తు పెరిగింది. కాకులు వస్తే చెయ్యి విసిరేది. నోరు విప్పేది కాదు. ఒక మనిషిని మింగిన మాట తన నోట్లో ఇంకా ఉన్నదని, పెదవులు తెరిస్తే మళ్ళీ ఎవరినో మింగుతుందని ఆమె భయం.

ఇలా ఉండగా ఒక కార్తికమాసంలో ఆకాశం రాగిచెంబు రంగుకు తిరిగి, ఉత్తరాన్నుంచి, అంటే నేల వైపు నుంచి, గాలి పుట్టింది. తాటాకు కప్పులు లేచిపోయాయి, కొబ్బరిచెట్లు నడుములు విరిగాయి, ఆ గాలి ధాటికి సముద్రం కూడా వెనక్కి వెనక్కి జరిగి, పాత లంగర్లూ పగిలిన కుండలూ బయటపడేంత దూరం పోయింది. మధ్యాహ్నానికి గాలి చప్పున ఆగిపోయింది. ఎండ వచ్చింది. గండం గడిచిందని అందరూ సంతోషించారు. భద్రయ్యగారు ఉన్న ఒక్క పొడిబట్టా కట్టుకుని, పళ్ళెంలో పసుపు కుంకుమలూ కర్పూరమూ పెట్టుకుని, ఊరంతా వెంట రాగా తీరానికి వచ్చి, దూరంగా ఉన్న సముద్రానికి హారతి ఇచ్చి, ఇంటికొచ్చిన వియ్యపురాలిని సాగనంపినట్టు చేతులు జోడించారు.

“తల్లీ, మా ఇళ్ళకప్పులతో నీకు తృప్తి కలిగినట్టుంది. మాకూ సంతోషం. వెళ్ళి రా.”

ఆయన తల్లి మహలక్ష్మమ్మ, ఊళ్ళోకెల్లా పెద్దముసలి, పక్కనే ఉంది. “ఏమన్నావురా?” అంది.

“మర్యాదకి అన్నానమ్మా.”

“అదీ మర్యాద తెలిసినదానిలాగే ఉంది. వస్తోంది చూడు.”

గాలి దక్షిణానికి తిరిగింది. సముద్రం లేచి నిలబడింది. నల్లటి నీటిగోడ ఒకటి రేవును, నావలను, నావలు కట్టిన గుంజలను ఒకే గుక్కలో తీసుకుని ఊరి మీదికి వచ్చింది. ఆ పల్లపు నేలలో ఎత్తైన చోటు ఒక్కటే ఉంది, అక్కడికి పోకూడదని అందరూ కట్టుబాటు పెట్టుకున్న చోటు అదే. ఆ పూట ఎవరికీ కట్టుబాటు గుర్తు రాలేదు. పసిపిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళని వీపున వేసుకుని, మొగలి ముళ్ళు గీరుకుంటూ దిబ్బ ఎక్కారు. తల్లిని మోసుకుంటూ భద్రయ్యగారు అందరికంటే ఆఖరున వచ్చి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, గుడిసె ముందు ఆగారు.

“లోవమ్మా, రావచ్చా?”

“కబురు చేస్తే నన్ను రమ్మన్నారు బావగారూ. కబురు లేకుండా మీరే వచ్చారు,” అంది లోవమ్మ. ఆయన ఆమెకు వరసకి బావ. “రండి. పెద్దత్తని ఇలా దింపండి.”

నీరు దిబ్బ అంచుల్ని కొరుక్కుంటూ పైకి వచ్చింది. గుడిసె పోయింది. మనుషులు మొగలి వేళ్ళు పట్టుకుని ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. కింద ఇసుక కదులుతున్నట్టు కాళ్ళకు తెలుస్తోంది.

మహలక్ష్మమ్మ గొంతు సవరించుకుంది. “లోవా, ఆ మాట అనవే.”

“ఏ మాట పెద్దత్తా?”

“నీ మాటే.”

“అననని మీరే ఒట్టు వేయించారు.”

“ఒట్టు తీసి గట్టున పెట్టమ్మా,” అన్నారు భద్రయ్యగారు.

“గట్టు ఏదీ?” అంది లోవమ్మ, చుట్టూ చూసి.

ఎవరూ నవ్వలేదు. నడుముల దాకా నీళ్ళున్నాయి. మహలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “ఇలా చూడు. నువ్వన్నా అది పోకపోతే నీ మాటలో బలమే లేదన్నమాట, నీ మొగుణ్ణి నువ్వు పోగొట్టుకోలేదన్నమాట. పోయిందా, మేం బతుకుతాం. నీకు రెండూ మంచివేనే.”

ముసలామె లెక్క తప్పని లోవమ్మకు అర్థమైంది. సముద్రం పోతే ఆ మాటకు బలం ఉన్నట్టే. బలం ఉంటే భర్తను తానే చంపినట్టే. పోకపోతే తనకు పాపం లేదు, కానీ ఆ మాట వినడానికి దిబ్బ మీద ఎవరూ మిగలరు. ఆమె ఒకసారి అందరి ముఖాలూ చూసింది. వాటిలో రేవులో తనను చూసి పక్కకు తిప్పుకోని ముఖం ఒక్కటీ లేదు. అయినా తన పక్కన ఎవరో పట్టలేక జారవిడుస్తున్న పసిపిల్లను అందుకుని, మహలక్ష్మమ్మ చేతికిచ్చి, మనుషుల్ని తప్పించుకుంటూ దిబ్బ కొసకు వచ్చింది. కాకిని అన్నట్టే, కుక్కను అన్నట్టే, గొంతు పెంచకుండా అంది.

“పో.”

నీరు కాసేపు అలాగే నిలబడింది. ఆ సముద్రం ఎన్నో నమస్కారాలూ హారతులూ చూసింది గాని, పుట్టాక ఎవరూ దానితో ఆ మాట అనలేదు. తర్వాత పోయింది. వచ్చిన దారినే, తెచ్చిన దుంగల్నీ చచ్చిన గొడ్లనూ వదిలేసి, సాయంకాలానికి తన చోటికి తాను పోయింది. దిబ్బ మీదివారంతా లోవమ్మ కాళ్ళ మీద పడ్డారు. ఆమె వాళ్ళకు వీపు తిప్పి కూర్చుని, ఇన్నేళ్ళూ ఏడవని ఏడుపు ఏడ్చింది. సంతోషమనుకున్నారు. పీతలపాలెంవారికి ముఖం చూస్తేనే అంతంతమాత్రంగా అర్థమవుతుంది, వీపు చూసి ఏం అర్థమవుతుంది?

అది మొదలు ఊరు దిబ్బ చుట్టూ కట్టుకున్నారు, పేరు పొమ్మన్నపాలెం అయింది. ‘ఇంక రావచ్చు లోవమ్మా’ అని భద్రయ్యగారు స్వయంగా కబురు తెస్తే, ‘మీరే వచ్చారుగా’ అని ఆమె దిబ్బ దిగలేదు. కాలం తీరాక అక్కడే అమ్మవారై వెలసింది. ఈ తీరాన ఎన్ని ఊళ్ళున్నా సముద్రాన్ని ముఖాన పొమ్మన్నది మా ఊరు ఒక్కటే. నేటికీ కార్తికంలో జాతర నాడు ఇక్కడ ‘వెళ్ళి రండి’ అనే మాట వినపడదు. వచ్చిన చుట్టాలందరినీ కడుపునిండా భోజనం పెట్టి ‘పో’ అని సాగనంపుతారు. కొత్త అల్లుళ్ళు ప్రతి ఏడూ అలుగుతారు. పక్క రేవువారు మమ్మల్ని మోటు మనుషులంటారు. వాళ్ళ ఊరు మాత్రం మూడుసార్లు వెనక్కి జరిగింది, మాది జరగలేదు.

గుడి ముందు నున్నటి పీటరాయి ఒకటి ఉంది. ఎంత రద్దీ ఉన్నా, రావలసిన మనిషి ఒకడున్నాడని, దాని మీద ఎవరూ కూర్చోరు. అది చెబితే అంతా చెప్పినట్టే.

ఉప్పెన తర్వాత సంక్రాంతి ఇంకా రాకముందే, పీతలపాలెం కొట్టుకుపోయిందన్న వార్త విని, ధర్మాలు వచ్చాడు. అతను చావలేదు. ఉత్తరాన వేరే రేవులో నావా ఇల్లూ సంసారమూ ఏర్పరచుకుని కులాసాగా ఉన్నాడు. “పొమ్మన్నావుగా, పోయాను,” అన్నాడు. “చూశావటే, పొమ్మంటే పోయాడు, అంతే. చావమన్నావా ఏమన్నా?” అంది మహలక్ష్మమ్మ. లోవమ్మ అతన్ని తేరిపార చూసింది. ఆమె ముఖంలో ఏళ్ళ బరువేదో దిగుతున్నట్టు ఈసారి అందరికీ కనపడింది. ఆమె నోట రాబోయే అక్షరం ఏమిటో తెలిసి, అతనికి దారి ఇవ్వడానికి జనం ముందే పక్కకు తప్పుకున్నారు.

ఆమె ఆ రాయి చూపించి కూర్చోమంది. పీతల కూరతో అన్నం పెట్టింది. అతను రెండుసార్లు వడ్డించుకుని తిని, కూర బాగుందన్నాడు. చెయ్యి కడుక్కుని, ఆ ఉత్తరపు రేవులో చెప్పవలసినవాళ్ళకు చెప్పి, సామాను తెచ్చుకుని, ఇక ఇక్కడే ఉంటానని లేచాడు. లోవమ్మ పుట్టాక మొదటిసారి ‘వెళ్ళి రా’ అంది.

అతను వెళ్ళాడు. రాలేదు.