ఉప్పు మీద సుంకం

సముద్రం లేని ఒక రాజ్యానికి ఉప్పు పొరుగు రాజ్యం నుంచే వచ్చేది. ఆ పొరుగు రాజు మీద కోపంతో మంత్రి భవశంకరుడు ఉప్పు మీద భారీ సుంకం వేయించాడు. "భయపడకండి, ఈ సుంకం కట్టేది మనం కాదు, పొరుగువాళ్లే" అని ఊరూరా చాటింపు వేయించాడు.

నెల తిరిగేసరికి ఉప్పు ధర కొండెక్కి కూర్చుంది. ఏటి ఒడ్డు జాలరి పేటలో ఉప్పు పట్టించకుండా ఎండబెట్టిన చేపలు పురుగు పట్టాయి. పిల్లలు చప్పిడి గంజి తాగి పడుకుంటున్నారు. అది చూడలేక అసిరమ్మ అనే జాలరి ఆడది చెవి కమ్మలు అమ్మేసి, పొరుగు రాజ్యం వెళ్లి, గాడిద మీద ఒక బస్తా ఉప్పు తెచ్చింది.

సరిహద్దులో భటులు సుంకం అడిగారు.

"నేను ఈ రాజ్యం మనిషిని బాబూ. కట్టేది పొరుగువాళ్లని మీరే చాటారు కదా! వెళ్లి వాళ్లనే అడగండి" అంటూ ఆమె అక్కడే బైఠాయించింది.

భటులు ఆమెను రాజసభకు లాక్కెళ్లారు. మంత్రి మండిపడ్డాడు. "సరుకు తెచ్చినవాళ్లే సుంకం కట్టాలి!"

"అలాగే కడతాను బాబూ. మీ చాటింపు అబద్ధమని మహారాజుగారి ఎదుట ఒక్క మాట చెప్పండి. నిజమే అంటారా, నన్ను వదిలేయండి."

రాజుకు సంగతి అర్థమై, అప్పటికప్పుడే సుంకం ఎత్తేశాడు.

కానీ పొరుగు రాజు ఈలోగా పంతం పట్టాడు. తన ఉప్పంతా దూరదేశాలకు ఇస్తానని మాటిచ్చి, సరిహద్దు మూసేశాడు.

అసిరమ్మ తన బస్తాను పేటలో ఇంటింటికీ దోసెడు చొప్పున పంచింది. అది అయిపోయాక, చేపలు పట్టినా ఉప్పు లేక కుళ్లిపోయేవే కదా అని జాలర్లు వలలు వేయడం మానేశారు.