ఏడు సముద్రాలు దాటిన జంతికల గొట్టం

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ వంటింట్లోనే కాపురం. పెద్దవాడు పులిహోరలో దిట్ట, రెండోవాడు అరిసెల్లో దిట్ట, మూడోవాడు కువలయుడు జంతికల్లో దిట్ట.

ఏడు సముద్రాల అవతల ఇటలీ దేశంలో ఒక మాంత్రికుడు రాకుమారి రోసాలియాను కోటలో బంధించాడు. వాడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలకేమో ఏం పెట్టినా మొహం తిప్పేస్తోంది. చిలక చిక్కినకొద్దీ వాడూ చిక్కిపోతున్నాడు. అందుకని చాటింపు వేయించాడు: "నా చిలక కడుపు నింపినవాడికి రాకుమారినిస్తాను. నింపలేకపోతే రాయిని చేస్తాను."

పెద్దవాడు వెళ్ళి పులిహోర పెట్టాడు. "పులుపు," అంది చిలక. రాయైపోయాడు. రెండోవాడు వెళ్ళి అరిసెలు పెట్టాడు. "తీపి," అంది చిలక. రాయైపోయాడు.

ఇక అన్నల కోసం కువలయుడు బయల్దేరాడు. తల్లి జంతికల గొట్టం, నూనె కుండ చేతికిచ్చింది. గండభేరుండ పక్షి వీపున ఎక్కించుకుంది. దానికి రెండు తలలు కదా, ఏడో సముద్రం మీద ఒకటి ఎడమకంది, ఒకటి కుడికంది. ఆ కుదుపుకి నూనె కుండ నీళ్ళపాలైంది.

"నీ వల్లే," అంది ఎడమ తల.

"నోర్ముయ్," అంది కుడి తల.

కోటలో ఉన్న నూనెంతా మాంత్రికుడు మీసాలకే రాసేసుకున్నాడు. బియ్యప్పిండీ లేదు, గోధుమపిండే. మనవాడు పొయ్యి ముందు చతికిలబడ్డాడు. కిటికీలోంచి రాకుమారి అడిగింది: "నీళ్ళున్నాయిగా?"

"నీళ్ళలో జంతికలు వేస్తే మా అమ్మ గడప తొక్కనివ్వదండీ."

"రాయివైతే మాత్రం తొక్కుతావా?"

కువలయుడు కళ్ళు మూసుకుని మరిగే నీళ్ళలోకి గొట్టం నొక్కాడు. కరకరలాడాల్సినవి కాస్తా మెత్తగా, పొడుగ్గా, వానపాముల్లా తేలాయి. సిగ్గేసి, పెరట్లో టమాటాలు కోసి పిసికి పైన కప్పేశాడు.

చిలక ఒక కొస ముక్కున పట్టి సర్రున పీల్చింది. మళ్ళీ పీల్చింది. మళ్ళీ పీల్చింది. "దీనికి అంతు లేదేంట్రా," అంది సంబరంగా. దాని పొట్ట నిండింది, మాంత్రికుడి బుగ్గలూ నిండాయి.

"మా అన్నల్నీ, రాకుమారినీ ఇప్పించండి మరి."

"ఎవరన్నారు ఇస్తానని?" అంటూ మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు.

చిలక నోట్లోంచి ఇంకా మూరెడు పోగు వేలాడుతోంది. కువలయుడు దాని కొస పట్టుకుని మెల్లిగా లాగాడు. చిలక "గ్లక్" అంది. మాంత్రికుడూ "గ్లక్" అన్నాడు. ఇంకాస్త లాగాడు. మాంత్రికుడి కళ్ళు తేలిపోయాయి.

"వదులు నాయనా."

"ముందు మీరు వదలండి."

మాంత్రికుడు దండం విరిచేశాడు. రాళ్ళు రెండూ అన్నలై లేచాయి. "ఏం వండావురా, వాసన బాగుంది," అన్నాడు పెద్దన్న ఒళ్ళు విరుచుకుంటూ.

పెళ్ళి జరిగింది. మాంత్రికుడు కోటలోనే వంటవాడిగా కుదిరాడు, చిలకకు రోజూ అదే కావాలి మరి. కువలయుడు, రోసాలియా ఆ దేశాన్ని చాలాకాలం చల్లగా ఏలారు. ఆ వంటకాన్నే అక్కడివాళ్ళు స్పగెట్టి అంటారు.

పెళ్ళి భోజనాల్లో తల్లి మాత్రం ఒక పోగు నోట్లో వేసుకుని, "వేయించడం మర్చిపోయావు నాయనా," అంది. అని, మారు వడ్డించమని ఆకు ముందుకు జరిపింది.

కథ ఇటలీకి, మనం పీటల మీదికి.